చార్టు దిద్దేదెవరు?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నడిచినా, ఇటు పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి దాటి నాగార్జున సర్కిల్ వైపు వెళ్లినా, శిక్షణ సంస్థల బోర్డుల్లో జావా, శాప్, డేటా సైన్స్ పక్కన మెడికల్ కోడింగ్, అంటే డాక్టరు రాసిన నోట్‌ను బిల్లు కోసం కోడ్లుగా మార్చే పని, అన్న మాట కనిపిస్తుంది. బీఫార్మసీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివి, చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క ఎదురుచూస్తున్న పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. వాళ్లకు ఆ బోర్డు ఒక ఆశ. 2020 లాక్‌డౌన్ తర్వాత ఆ బోర్డు ఫోన్‌లోకి వచ్చేసింది. ఎస్సార్‌నగర్ హాస్టల్లో మంచం అద్దెకు తీసుకోనక్కర్లేదు, ఖమ్మంలోనో ఒంగోలులోనో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు అంటున్నారు. ఆ మాట నిజమే. కానీ నాలుగు సంస్థల ప్రకటనలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి: ఇన్ని గంటల వీడియోలు, ఇంత ఫీజు, నూరు శాతం ప్లేస్‌మెంట్. వీటిలో ఏది చూసి చేరాలి? ఈ మూడింటిలో ఏదీ అసలు గీటురాయి కాదని నా వాదన. విద్యార్థి చేత ఎన్ని చార్టులు (రోగుల వైద్య రికార్డులు) కోడ్ చేయిస్తారు, ఆ చార్టులు ఎవరు దిద్దుతారు, తప్పును ఏ నియమం చూపించి తప్పంటారు? ఈ మూడు ప్రశ్నల జవాబును బట్టే కోర్సును ఎంచుకోవాలి.

ముందు పేరులోనే ఉన్న ఒక గందరగోళం తీర్చుకుందాం. మెడికల్ బిల్లింగ్, కోడింగ్ రెండూ కలిపి అమ్మే ఆన్‌లైన్ కోర్సులు చాలావరకు అమెరికా అవసరంలోంచి పుట్టాయి. అక్కడ చిన్న క్లినిక్‌లో ఒకే ఉద్యోగి డాక్టరు రాసిన నోట్ చదివి కోడ్ వేస్తుంది, క్లెయిమ్ ఫారం నింపుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఆపితే ఫోన్ చేసి అడుగుతుంది. హైదరాబాద్‌లో ఇదంతా ఒకరి చేతిలో ఉండదు. ఇక్కడి కంపెనీలు పనిని ముక్కలు చేశాయి. కోడర్లు వేరు, చార్జ్ ఎంట్రీ వేరు, పేమెంట్ పోస్టింగ్ వేరు, ఆగిపోయిన క్లెయిముల కోసం అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసే ఏఆర్ కాలర్లు వేరు. ఏఆర్ కాలింగ్ అంటే అక్కడి పగలు, అంటే మన రాత్రి. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడాలి, క్యాబ్‌లో తెల్లవారుజామున ఇల్లు చేరాలి. కోడింగ్‌లో ఫోన్ ఉండదు. చదవాలి, ఆలోచించాలి, తేల్చాలి. ఈ రెంటికీ వేర్వేరు స్వభావం ఉన్న మనుషులు కావాలి. అందుచేత కోర్సు పేరులో రెండూ ఉన్నాయని మురిసిపోకుండా, తాను ఏ కుర్చీలో కూర్చోబోతున్నాడో విద్యార్థి ముందే తేల్చుకోవాలి. కోడింగ్ అని చెప్పి చేర్చుకుని, చివరికి రాత్రి షిఫ్టు కాలింగ్ ఇంటర్వ్యూకు పంపితే అది ఆ సంస్థ చేసిన మోసం. అయితే బిల్లింగ్ ఎలా నడుస్తుందో కోడర్‌కు బొత్తిగా తెలియకపోయినా కష్టమే. క్లెయిమ్ ఎందుకు తిరిగొస్తుందో తెలిసినవాడు కోడ్ వేసేటప్పుడే జాగ్రత్తపడతాడు. కాబట్టి కోడింగ్ కోర్సులో బిల్లింగ్ కొంత ఉండాలి, అది కోడింగ్‌కు సాయంగా ఉండాలి.

ఇక చార్టు అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. నంబర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, దారి చూస్తే చాలు. అమెరికాలో ఒక క్లినిక్‌కు 67 ఏళ్ల మనిషి వచ్చాడనుకోండి. డాక్టరు నోట్‌లో ఇలా రాశారు: టైప్ 2 డయాబెటిస్, ఇన్సులిన్ వాడుతున్నారు; బీపీ ఉంది; కిడ్నీ జబ్బు స్టేజ్ 3బీ; దగ్గు, జ్వరం; న్యుమోనియా కావచ్చని అనుమానం, ఎక్స్‌రే తీయించాలి. కొత్తగా నేర్చుకున్న పిల్లవాడు నోట్‌లో ఉన్న ఒక్కో మాటకు ఒక్కో కోడ్ వెతుకుతాడు. డయాబెటిస్‌కు ఈ11.9, బీపీకి ఐ10, కిడ్నీకి ఎన్18.3, న్యుమోనియాకు జే18.9 వేసి, అయిపోయింది అనుకుంటాడు. నాలుగూ తప్పే. డయాబెటిస్, కిడ్నీ జబ్బు రెండూ ఒకే నోట్‌లో ఉంటే, వాటికి సంబంధం లేదని డాక్టరు రాస్తే తప్ప, ఉందనే భావించాలని, జబ్బు కోడ్లకు అమెరికాలో పాటించే ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాలు చెబుతున్నాయి. కనుక ఈ11.22 వేయాలి. బీపీకి, కిడ్నీ జబ్బుకు కూడా అలాంటి నియమమే ఉంది. ఐ10 కాదు, ఐ12.9. స్టేజ్ 3 కోడ్‌ను 2020 అక్టోబరు 1న మూడుగా విడగొట్టారు, 3బీకి ఎన్18.32 వేయాలి, పాత కోడ్ ఇప్పుడు చెల్లనే చెల్లదు. అవుట్ పేషెంట్ విషయంలో అనుమానం అని రాసిన జబ్బును కోడ్ చేయకూడదు. అక్కడ దగ్గు, జ్వరం మాత్రమే కోడ్ చేయాలి. అదే మనిషిని ఆసుపత్రిలో చేర్చుకుని, డిశ్చార్జి నాటికి కూడా న్యుమోనియా కావచ్చని డాక్టరు రాసి ఉంటే, ఆసుపత్రి బిల్లుకు ఆ జబ్బునే కోడ్ చేయాలి. ఇన్సులిన్ వాడకానికి విడిగా జెడ్79.4 ఉంది, పిల్లవాడు దాన్ని వదిలేశాడు. రెండు మూడు వాక్యాల నోట్‌లో ఇంత ఉంది.

ఈ తప్పులు వీడియో చూస్తే పోతాయా? వీడియోలో ఆ నియమం చెప్పే ఉంటారు. విద్యార్థి విని ఉంటాడు, నోట్సు కూడా రాసుకుని ఉంటాడు. అయినా చార్టు ముందు పెట్టినప్పుడు ఆ నియమం ఇక్కడ వర్తిస్తుందని స్ఫురించదు. పలక మీద అక్షరం పక్కనే ఉన్నా, పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని దిద్దిస్తేనే పసివాడికి ఒంపు పట్టుబడేది. ఇక్కడా అంతే. నువ్వు ఐ10 వేశావు, నోట్‌లో కిడ్నీ జబ్బు ఉంది చూడు, మార్గదర్శకాల్లో గుండె, రక్తప్రసరణ జబ్బుల అధ్యాయం తీసి చదువు అని ఎవరో ఒకరు ఆ విద్యార్థి వేసిన ఆ చార్టు మీదే రాయాలి. అలా పదిసార్లు, ఇరవైసార్లు జరిగితే పదకొండో చార్టులోనో ఇరవయ్యొకటో చార్టులోనో కన్ను దానంతట అదే కిడ్నీ మాట కోసం వెతుకుతుంది. కంపెనీలో చేరాక జరిగేదీ ఇదే. అక్కడ ప్రతి కోడర్ పనిలో కొంత భాగాన్ని ఆడిటర్ తిరిగి చూస్తాడు. సాధారణంగా 95 శాతం కచ్చితత్వం అడుగుతారు, దానితోపాటు గంటకు ఇన్ని చార్టులన్న లెక్క కూడా ఉంటుంది. శిక్షణలో ఒక్కసారీ ఆడిట్ ఎదుర్కోనివాడు ఉద్యోగంలో మొదటిసారి ఎదుర్కొంటే తట్టుకోవడం కష్టం.

రికార్డు చేసిన వీడియోల మీద నా అభ్యంతరానికి మరో కారణం ఉంది. ఈ విద్య ఏటా మారుతుంది. ఐసీడీ కోడ్లు ఏటా అక్టోబరు 1న, డాక్టరు చేసిన పనులకు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ప్రచురించే సీపీటీ కోడ్లు ఏటా జనవరి 1న కొత్తవి వస్తాయి, పాతవి పోతాయి. దగ్గుకు ఆర్05 అన్న ఒకే కోడ్ ఉండేది. 2021 అక్టోబరులో దాన్ని తీవ్రమైన దగ్గు, దీర్ఘకాలిక దగ్గు అంటూ విడగొట్టారు. డాక్టరును క్లినిక్‌లో కలిసిన విజిట్‌కు కోడ్ వేసే పద్ధతి 2021 జనవరి 1న మారిపోయింది. అంతవరకు హిస్టరీలో ఎన్ని అంశాలు రాశారు, పరీక్షలో ఎన్ని అవయవాలు చూశారు అని లెక్కపెట్టేవారు. ఆ లెక్క తీసేసి, వైద్యుడి నిర్ణయం ఎంత సంక్లిష్టమో, లేదా ఎంత సమయం పట్టిందో చూడమన్నారు. 99201 అనే కోడ్‌ను ఎత్తేశారు. 2023లో ఆ పద్ధతే ఆసుపత్రి విజిట్లకూ వచ్చింది, ఎమర్జెన్సీలో సమయం లెక్క లేకుండా నిర్ణయం ఒక్కటే చూస్తారు. హైదరాబాద్‌లో ఎంతోమందికి ఉపాధినిచ్చే హెచ్‌సీసీ కోడింగ్, అంటే అమెరికా వృద్ధుల బీమాలో భాగమైన మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లకు రోగి జబ్బుల బరువును బట్టి డబ్బు కట్టే పద్ధతి, 2024 నుంచి మూడేళ్లలో దశలవారీగా కొత్త నమూనాకు మారింది. పాత నమూనాలో 86 వర్గాలుంటే కొత్తదాంట్లో 115 ఉన్నాయి. లెక్కలోకి వచ్చే జబ్బు కోడ్లు మాత్రం 9,797 నుంచి 7,770కి తగ్గాయి. 2019లో తీసిన వీడియో ఎంత చక్కగా చెప్పినా ఇవాళ్టి చార్టుకు పనికిరాదు. మూడు వందల గంటల వీడియోలు జీవితకాలం చూసుకోవచ్చు అన్న ప్రకటన ఈ విద్యలో గొప్ప కాదు. జీవితకాలం నిలిచే పాఠం ఇందులో చాలా తక్కువ.

అసలు ఈ కోడ్లు మన చుట్టూ ఉన్న వైద్యానికి సంబంధించినవి కావన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. పంజాగుట్ట సెంటర్లో నిలబడితే నిమ్స్ కనిపిస్తుంది. అక్కడ ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగితే ప్రభుత్వం ఒక ప్యాకేజీ లెక్కన డబ్బు కడుతుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆ పథకం మొదలైనప్పటి నుంచి మనకు తెలిసిన వైద్య బీమా అదే. ఆ రోడ్డు మీదే ఒక గదిలో కూర్చుని నేర్చుకునే కోడ్లు మాత్రం అమెరికాలో డాక్టరు చేసిన ఒక్కొక్క పనికి విడివిడిగా డబ్బు వసూలు చేసేవి. 65 ఏళ్లు దాటినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్, ఉద్యోగులకు ప్రైవేటు ఇన్సూరెన్స్: ఈ వ్యవస్థను మన పిల్లలు ఏనాడూ చూడలేదు. ఫలానా పరీక్ష ఫలానా జబ్బుకు అవసరమా అని అక్కడి ఇన్సూరెన్స్ ఎందుకు అడుగుతుందో చెప్పకుండా కోడ్ నంబర్లు బట్టీ పట్టిస్తే, విద్యార్థికి ఆ నంబర్లు అంకెలుగానే మిగులుతాయి. మంచి కోర్సు మొదటి వారాల్లో మెడికల్ టెర్మినాలజీ, అనాటమీతోపాటు ఈ సంగతి కూడా చెబుతుంది. బీఫార్మసీ చదివినవారికి అనాటమీ మళ్లీ చెప్పడం దండగనిపించవచ్చు. వాళ్లకు కావలసింది అమెరికా బీమా వ్యవస్థ సంగతి.

ఇప్పుడు నా వాదనకు ఎదురయ్యే ప్రశ్నలు. మొదటిది, అన్నింటికన్నా బలమైనది: చార్టులు దిద్దడం సరే, సర్టిఫికెట్ ఉంటే కదా ఇంటర్వ్యూకు పిలిచేది? నిజం. 1988లో మొదలై, సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా నడిచే ఏఏపీసీ అనే సంస్థ ఇచ్చే సీపీసీ సర్టిఫికెట్‌కు హైదరాబాద్ కంపెనీల్లో విలువుంది. అహిమా అనే మరో సంస్థ ఇచ్చే సీసీఎస్‌కూ ఉంది. సీపీసీ పరీక్షను తక్కువ చేసి చెప్పను. నాలుగు గంటల్లో 100 ప్రశ్నలు, 70 సరైతే పాసు. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాస్తారు, అయినా ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రావు. అంత వేగంగా పుస్తకం తిప్పడం చార్టుల మీద చెయ్యి తిరిగినవారికే సాధ్యం. కనుక పరీక్షకైనా దిద్దిన చార్టులే దారి. మాక్ టెస్టుల ప్రశ్నలు, జవాబులు బట్టీ కొట్టి గట్టెక్కినవారు కూడా ఉంటారు. కానీ అనుభవం లేకుండా పాసైనవారి పేరు పక్కన సీపీసీ తర్వాత 'ఏ' అన్న అక్షరం ఉంటుంది, అప్రెంటిస్ అని. తగిన అనుభవమో, దానికి సమానంగా ఆ సంస్థ లెక్కించే శిక్షణో చూపించేదాకా అది పోదు. ఆ సంస్థే చెబుతోంది, పరీక్ష ఒక్కటే పనితనం కాదని. ఇంటర్వ్యూలో కంపెనీవాళ్లు ఒక చార్టు చేతికిచ్చి కోడ్ చేయమన్నప్పుడు బట్టీ సాయం రాదు.

రెండో ప్రశ్న తల్లిదండ్రులది. అప్పు చేసి ఫీజు కడుతున్నాం, ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఉన్నచోటే చేరుస్తాం అంటారు. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. పిల్ల చదువు పూర్తయి ఏడాది గడిచినా ఇంట్లోనే ఉంటే ఏ తండ్రి నిద్రపోతాడు? కానీ ఉద్యోగం ఇచ్చేది కంపెనీ, శిక్షణ సంస్థ కాదు. తన చేతిలో లేనిదాన్ని అది గ్యారంటీగా ఎలా అమ్ముతుంది? కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఉద్యోగ గ్యారంటీ, విజయ శాతం, అధ్యాపకుల అర్హతలు, ఫీజు, రీఫండ్ గురించి అబద్ధాలు చెప్పకూడదని, పాసైన విద్యార్థి ఫొటోను అతని రాతపూర్వక అనుమతి లేకుండా వాడుకోకూడదని అందులో ఉంది. గోడల మీద కనిపించే నవ్వు ముఖాల ఫొటోలను ఈ నియమం వెలుగులో చూడండి. గ్యారంటీ అన్న మాటను నోటితో చెబితే కాగితం మీద రాసిమ్మనండి: ఏ కంపెనీ, ఏ పని, ఎన్ని రోజుల్లో, కాకపోతే ఎంత డబ్బు వెనక్కి? ఇచ్చిన మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఫీజు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, రాతకోతల కాగితాలు ఉంటేనే ఫిర్యాదు నిలుస్తుంది. నగదు తీసుకుని రసీదు ఇవ్వనిచోట చేరకండి. కంపెనీలో కూర్చోబెట్టడానికి విడిగా డిపాజిట్ అడిగేవారికి దూరంగా ఉండండి. ఆప్టమ్, ఏజీఎస్ హెల్త్, కోటివిటీ వంటి సంస్థలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. వాటి ఉద్యోగ ప్రకటనలు వాటి వెబ్‌సైట్లలోనే చూసుకోవచ్చు, మధ్యవర్తి అవసరం లేదు.

మూడో ప్రశ్న: ఆన్‌లైన్‌లో చదువుతారా? అమీర్‌పేట వాతావరణం ఇంట్లో ఎక్కడ వస్తుంది? పోటీ పడే తోటివారు, టీ కొట్టు దగ్గర చర్చలు, హాస్టల్లో రాత్రిపూట కలిసి చదవడం, వీటి విలువ నేను కాదనను. ఇంట్లో చదివేవాళ్లను పెళ్లిళ్లు, పండగలు, చిన్నచిన్న పనులు లాగేస్తాయి. ఆడపిల్లల మీద ఆ భారం మరీ ఎక్కువ. అయినా ఈ విద్యకు ఆన్‌లైన్ సహజంగా సరిపోతుంది. పనే కంప్యూటర్ తెర మీద జరుగుతుంది. చార్టు తెర మీద, కోడ్ పుస్తకం పక్కన, ఆడిటర్ వ్యాఖ్య తెర మీద. క్లాసులో అరవై మందికి ఒకే ఫ్యాకల్టీ బోర్డు మీద చెబితే ఎవరి చార్టు ఎవరూ చూడరు. పదిహేను మంది ఉన్న ఆన్‌లైన్ బ్యాచ్‌లో వారానికి ఇన్ని చార్టులు పంపి, రెండు రోజుల్లో దిద్ది తిరిగిస్తే, అది ఆ అరవై మంది క్లాసు కన్నా ఎన్నో రెట్లు మేలు. కానీ ఆన్‌లైన్ పేరుతో ఒకే జూమ్ లింకులో రెండు వందల మందిని కూర్చోబెట్టి, మైకులు మూసేసి, సందేహాలు వాట్సాప్ గ్రూపులో పెట్టమంటే, ఆ గ్రూపులో జవాబు చెప్పేది తోటి విద్యార్థే అవుతాడు. ఇక్కడ తేడా తేల్చేది బ్యాచ్ సైజు, దిద్దే మనిషి. ఆన్‌లైనా ఆఫ్‌లైనా అన్నది ఆ తర్వాతి మాట.

ఇక్కడే లైవ్ చార్టుల సంగతి చెప్పాలి. మా దగ్గర రియల్ టైమ్ చార్టులు చేయిస్తాం అని చాలా సంస్థలు గొప్పగా రాసుకుంటాయి. నేనింతసేపూ చార్టులే ముఖ్యమన్నాను గనుక ఆ ప్రకటన నాకు నచ్చాలి కదా అనిపించవచ్చు. కానీ ఆ చార్టు ఎక్కడిదని అడగాలి. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద రోగి ఆరోగ్య వివరాలు గోప్యమైనవి. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, మెడికల్ రికార్డు నంబరు వంటి 18 రకాల గుర్తులు తీసేశాకే ఒక రికార్డును బయట వాడుకునే పద్ధతి ఒకటి ఆ చట్టం కింది నియమాల్లో ఉంది. నిజమైన రోగి పేరు, తేదీలు కనిపించే చార్టు క్లాసులో తెర మీద వేశారంటే, అది ఏదో కంపెనీ కంప్యూటర్ నుంచి దొంగతనంగా బయటికొచ్చిందే. ఎక్కడో ఉన్న ఒక ముసలామె క్యాన్సర్ కబురు మన గదిలో పాఠం కాకూడదు. అలాంటి చార్టు మీద నేర్చుకున్న పిల్లవాడికి ఉద్యోగం మొదలవకముందే గోప్యత అంటే లెక్కలేనితనం అలవాటవుతుంది. నిజాయితీగల సంస్థ గుర్తులు తీసేసిన చార్టులు గానీ, అధ్యాపకులే కల్పించి రాసిన చార్టులు గానీ వాడుతుంది, ఆ సంగతి దాచదు. ఫొటోకాపీ చేసిన సీపీటీ పుస్తకాలు, పైరసీ పీడీఎఫ్‌లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. పుస్తకం ధర విద్యార్థికి బరువే. కానీ అసలు పుస్తకం ధర ఫీజులో కలిసి ఉందో లేదో చెప్పకుండా జిరాక్స్ కట్ట చేతిలో పెట్టే సంస్థ మిగతా విషయాల్లో నిజం చెబుతుందని నమ్మడం కష్టం.

ఇంత డబ్బు ఎందుకు, అన్నీ ఉచితంగా దొరుకుతాయిగా అనేవారూ ఉన్నారు. వారి మాటలో చాలా నిజముంది. ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాలు, కోడ్ల జాబితాలు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉన్నాయి. ఏ కోర్సులో చేరేవారైనా చేరకముందే ఆ మార్గదర్శకాలు దించుకుని ఒకసారి చదవాలని నా సలహా; పాతిక పేజీలు చదివేసరికి ఈ పని తనకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. పట్టుదల ఉన్నవారు సొంతంగా చదివి పరీక్ష పాసవగలరు. అయితే ఉచితంగా దొరకనిది ఒకటుంది, మీరు వేసిన కోడ్ ఎందుకు తప్పో చెప్పే మనిషి. ఫీజు కట్టవలసింది దానికే. అది లేని కోర్సుకు కట్టే ఫీజు ఉచితంగా దొరికేదానికి కట్టినట్టే.

అమీర్‌పేట ఒకప్పుడు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులు కూడా చూసింది. 2000 సంవత్సరం చుట్టుపక్కల అమెరికా డాక్టర్లు మాట్లాడింది విని టైపు చేసే పనికి హైదరాబాద్‌లో శిక్షణ కేంద్రాలు పుట్టుకొచ్చాయి. తర్వాత మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆసుపత్రులు ఎలక్ట్రానిక్ రికార్డులకు మారాలని 2009లో అమెరికా చట్టం తెచ్చి ప్రోత్సాహకాలు ఇచ్చింది. డాక్టర్లే తెర మీద నింపడం మొదలుపెట్టారు. టైపు పని తగ్గిపోయింది, సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని దిద్దే పని కొంత మిగిలింది. మరోవైపు 2015 అక్టోబరు 1న అమెరికా పాత ఐసీడీ-9 వదిలి ఐసీడీ-10కు మారినప్పుడు జబ్బు కోడ్లు దాదాపు 14 వేల నుంచి 68 వేలు దాటాయి. ఆ మార్పును అంతకుముందు రెండుసార్లు వాయిదా వేశారు. మన పిల్లల ఉపాధి వాషింగ్టన్‌లో జరిగే నిర్ణయాలతో ఇంతగా ముడిపడి ఉంది. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. నోట్ చదివి కోడ్ సూచించే సాఫ్ట్‌వేర్లు కంపెనీల్లో వాడుతున్నారు; ఒకే తరహాలో ఉండే ఎక్స్‌రే రిపోర్టుల వంటివి మనిషి చెయ్యి పడకుండానే వెళ్లే చోట్లూ ఉన్నాయి. మరి ఈ కోర్సే దండగ కదా అని అడగడం సబబే. నంబరు వెతకడం మాత్రమే నేర్పే కోర్సయితే దండగే. అలాంటి ఉద్యోగాలు తగ్గుతాయన్నది దాచి చెప్పడం పిల్లలకు ద్రోహం. కానీ సాఫ్ట్‌వేర్ వేసిన కోడ్‌ను ఒప్పుకోవాలా, కొట్టివేయాలా, ఎందుకు అని నియమం చూపించి చెప్పగలిగే మనిషి అవసరం ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిప్పికొడితే నోట్‌లోని ఏ వాక్యం ఆధారంగా కోడ్ వేశామో రాసి నిలబెట్టాలి. తన చార్టును వందసార్లు దిద్దించుకున్నవాడే రేపు యంత్రం చార్టును దిద్దగలడు. అందుకే ఈ కాలంలో దిద్దే కోర్సు కావాలని మరింత గట్టిగా అంటున్నాను.

కాబట్టి డెమో క్లాసుకు వెళ్లినప్పుడు, లేదా లింకు పంపినప్పుడు, పాఠం వినడానికి మాత్రమే కూర్చోకండి. పైన చెప్పిన డయాబెటిస్, బీపీ, కిడ్నీ, దగ్గు నోట్ లాంటిది ఒకటి ఇచ్చి అక్కడికక్కడ కోడ్ చేసి చూపించమని అడగండి. మంచి ఫ్యాకల్టీ ఆ ప్రశ్నకు సంతోషిస్తారు, పుస్తకం తెరుస్తారు. పాఠం చెప్పే మనిషి సర్టిఫికెట్ నంబరు అడగండి; ఏఏపీసీ వెబ్‌సైటులో అది చెల్లుబాటులో ఉందో లేదో చూడవచ్చు. సీపీసీ ఉన్నవారు రెండేళ్లకోసారి 36 యూనిట్ల కొత్త చదువు చూపించి సర్టిఫికెట్ నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకోనివారు కొత్త మార్పులు మీకు ఎలా చెబుతారు? గత బ్యాచ్‌లో ఒక విద్యార్థికి దిద్ది ఇచ్చిన చార్టు, పేరు చెరిపేసి చూపించమనండి. ఎర్ర గీతలు, నియమం నంబర్లు కనిపిస్తే ఫీజు గురించి మాట్లాడవచ్చు. మార్కు మాత్రమే వేసి వదిలేస్తే లేచి వచ్చేయవచ్చు. మొదటి నెల ఫీజు మాత్రమే కట్టి, దిద్దిన మొదటి చార్టులు చేతికొచ్చాక మిగతాది కడతామంటే ఒప్పుకునే సంస్థ దొరికితే ఇంకా మంచిది.

అక్టోబరు తర్వాత చేరేవారు మరో సంగతి తేల్చుకోవాలి. నవంబరులో మొదలైన బ్యాచ్ జనవరికి సగంలో ఉంటుంది, అప్పటికి సీపీటీ పుస్తకం మారిపోతుంది. మీరు పరీక్ష రాసే తేదీకి ఏ సంవత్సరం పుస్తకాలు చెల్లుతాయి, జనవరిలో వచ్చే మార్పులకు విడిగా క్లాసులు పెడతారా, ఆ కొత్త పుస్తకం డబ్బు ఎవరు పెట్టుకోవాలి? ఈ మూడింటికీ జవాబు రాతలో తీసుకున్నాకే ఫీజు కట్టండి.